గురువారం విమానం

జనార్దన్‌రావు మీద సరళాదేవికి ఉన్న ఫిర్యాదులు ఒకటా, రెండా. స్నానానికి నీళ్లు కాగాయని చెప్పాకే ఆయన పేపరు విప్పుతాడు. పెళ్లిళ్లకు ముహూర్తం దాటాక చేరతాడు గానీ బంతి భోజనానికి ఎన్నడూ ఆలస్యం కాడు. ఎవరింట్లో తిన్నా కూరలో ఉప్పు తక్కువైతే మొహం మీదే చెప్పేస్తాడు, తన తప్పు మాత్రం ఇన్నేళ్ల కాపురంలో తన నోటితో చెప్పిన పాపాన పోలేదు. ఒకసారి బాసర పోదామని బయలుదేరి, జీపును మలుపు దగ్గర మళ్లించకుండా తిన్నగా మహారాష్ట్రలోకి తోలుకుపోయి, చుట్టూ మరాఠీ బోర్డులు కనబడుతుంటే కూడా, "గోదావరే జర అటు జరిగినట్టున్నది" అన్న మనిషి.

ఇవన్నీ ఏ భార్యయినా భరించేవే. విమానం ఎక్కుతున్నానని చెప్పి ఎక్కని మొగుణ్ణి ఏ శాస్త్రం ప్రకారం భరించాలో మాత్రం సరళాదేవికి తెలియలేదు. బీయే చదువులో ఆ పాఠం లేదు.

పోయిన వారం ఈ కథలో మనం వాళ్లింట్లో విస్తళ్ల ముందు నుంచి సగంలోనే లేచి వచ్చాం. ఆదిలాబాదులో నిజాం కాలం నుంచీ ఉత్తగా పడి ఉన్న విమానాల మైదానం ఉంది. అక్కడ పశువులు మేసేవి, ఎండల్లో కందులు ఆరేవి. పత్తి జిన్నింగు మిల్లు యజమాని జనార్దన్‌రావుకు ఒకరోజు ఆ మైదానం మీద జాలి పుట్టింది. కమిటీ పెట్టాడు, తానే ఛైర్మన్ అయ్యాడు, హైదరాబాదు చుట్టూ తిరిగి తిరిగి చిన్న విమానాల కంపెనీ ఒకదాన్ని ఒప్పించాడు. వారానికి ఒక్కసారి, గురువారం పొద్దున, పదిహేనుమంది పట్టే బుల్లి విమానం వస్తుంది, పోతుంది. కంపెనీ షరతు ఒక్కటే. సగం సీట్లకు ఊరి పెద్దలు పూచీ పడాలి, ఎవరూ ఎక్కకపోతే ఆ భారం కమిటీయే మోయాలి. పెద్దలు మీసాలు దువ్వి పూచీ పడ్డారు. దండలు వేశారు, కొబ్బరికాయలు కొట్టారు. మూడు నెలలుగా విమానం వస్తోంది, ఇద్దరినో ముగ్గురినో ఎక్కించుకుని పోతోంది.

ఆ సంగతి తేల్చడానికి కంపెనీ ఆఫీసరు రామచంద్రం బుధవారం నాడు ఊళ్లో దిగాడు. భోజనానికి పిలిచారు. ఆయన పప్పుచారు కలుపుకుంటూ మామూలుగా అన్నాడు:

"మీ విమానంలో ఇన్ని గురువారాలు నేను వచ్చిపోయాను ఛైర్మన్ గారూ. మిమ్మల్ని మాత్రం ఒక్కసారీ చూసే భాగ్యం కలగలేదు."

సరళాదేవి చేతిలో గరిటె ఆగింది. అక్కడే మనమూ ఆగాం.

"ఎక్కిన గద. మీరు చూడలేదేమొ," అన్నాడు జనార్దన్‌రావు విస్తరిలోకి చూస్తూ.

"పదిహేను సీట్లు సార్. అందులో పన్నెండు ఖాళీ. మిగతా ముగ్గురు నాకు కనబడకుండా ఎక్కడ దాక్కుంటారు?"

"మజ్జిగ పొయ్యి సరళా."

అన్నంలో ఇంకా పప్పుచారే ఉంది. సరళాదేవి దాని మీదే మజ్జిగ పోసింది. ఆయన వంక పెట్టకుండా తిన్నాడు. అప్పుడే ఆమెకు సగం అర్థమైంది.

మిగతా సగం వాకిట్లో గోడకు ఆనించి ఉంది. ఆయన నీలం సూట్‌కేసు. మిల్లు పనికి పోవలసినప్పుడల్లా బుధవారం నాడు అది అక్కడ ప్రత్యక్షమవుతుంది. "విమానం పొద్దుగాల్నే వస్తది. మైదానం కాడ గెస్టుహౌసుల పంటె పరేషాన్ ఉండది," అని చెప్పి ఆయన దాన్ని పట్టుకుపోతాడు. రెండోనాడు హైదరాబాదు నుంచి ఫోను చేసి, మేఘాలు పత్తి ఏకినట్టున్నాయని కూడా చెప్పాడు ఒకసారి. ఆ మాట నచ్చి సరళాదేవి పుట్టింటికి రాసిన ఉత్తరంలో వాడుకుంది. ఇప్పుడు ఆ ఉత్తరం వెనక్కి తెప్పించుకునే దారి ఉందా అని ఆలోచించింది.

చేతులు కడుక్కుంటూ రామచంద్రం అసలు మాట చెప్పాడు. మనిషి మంచివాడు, చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు.

"రేపటి విమానంలో మా డైరెక్టరు వస్తున్నాడమ్మా. విమానం నిండితే సరే. లేదంటే ఇక్కడి సర్వీసు ఎత్తి ఇంకో ఊరికి ఇచ్చేస్తారు. బహుశా రేపటిదే ఆఖరు."

లోపలి గదిలో చెక్కబల్ల మీద వెల్లకిలా పడుకున్న లీలాబాయి ఆ మాట విన్నది. జనార్దన్‌రావు అక్క. మహారాష్ట్రలోని కిన్వట్‌లో కాపురం చేసి, భర్త పోయాక తమ్ముడింటికి వచ్చింది. నోట్లో సగం మరాఠీ, సగం మిరపకాయ. వానాకాలంలో మెట్ల మీద జారి వెన్నుపూస దెబ్బతిన్నది. హైదరాబాదు డాక్టరు నెల నెలా వచ్చి చూపించుకోమన్నాడు, అలా చూపించుకుంటే లేచి తిరుగుతావన్నాడు, బస్సు మాత్రం ఎక్కొద్దన్నాడు. మాట వినక ఒకసారి బస్సులో పోయి వచ్చింది. నిర్మల్ ఘాటు దిగేసరికి ఆమె నోట మాట లేదు, తిరిగొచ్చాక పక్కమీద పక్కకు ఒత్తిగిలడానికే నెల పట్టింది. తరవాత రెండుసార్లు విమానంలో సరళాదేవి తోడు వెళ్లింది. గంటలో దించారు. "పూలబుట్టల పెట్టి దించినట్టున్నదే," అని లీలాబాయి మురిసింది. ఇప్పుడిప్పుడే గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. విమానం ఆగితే ఆ నాలుగడుగులూ ఆగిపోతాయి.

"సరళా," పిలిచింది లీలాబాయి లోపలి నుంచి. "గా పెద్దమనిషి ఏమంటుండు? ఆఖరంటుండా?"

"మీరు పండుకోండ్రి వదినె. ఇంకా ఏం కాలే."

"నేను పండుకునే ఉన్న. మీరే జర లేసి ఏమన్న జెయ్యుండ్రి."

రామచంద్రానికి వెనక గదిలో మంచం వేయించి, వంటింట్లో పనిచేసే శంకరవ్వను కమిటీకి కబురు చెప్పమని పంపింది సరళాదేవి. ఎండ చల్లబడకముందే కమిటీ వచ్చింది. కమిటీ అంటే మాటకు పన్నెండుమంది, మాట్లాడేది ఇద్దరు. ఒకరు బోథ్‌లో పత్తి భూములున్న భూపాల్‌రావు, జనార్దన్‌రావుకు మేనత్త కొడుకు, సరళాదేవికి వరసకు అన్న. ఇంకొకరు వకీలు లక్ష్మణ్‌రావు.

జనార్దన్‌రావు సంగతి చెప్పాడు. రేపు ఎవరెవరు ఎక్కుతారని అడిగాడు.

భూపాల్‌రావు పోకచెక్క కత్తిరిస్తూ నిట్టూర్చాడు. "నేను పోదామనే అనుకున్న బావా. పొద్దున్నుంచి బీపీ. తల తిరుగుతుంది. మీదికి పోతె ఇంక తిరుగుతది."

"నాకు రేపు కేసున్నది," అన్నాడు లక్ష్మణ్‌రావు. "జడ్జి కొత్తగ వచ్చిండు. ముక్కోపి."

"పోయిన గురువారం?"

"పోయిన గురువారం గూడ కేసే."

"మరి నువ్వు భూపాల్?"

"పోయిన గురువారం మా బర్రె ఈనింది."

"ముందటి వారం?"

భూపాల్‌రావు కాసేపు వెతుక్కున్నాడు. "గప్పుడు ఈనుతదనుకున్నం. ఈనలే."

సరళాదేవి తలుపు వెనక నిలబడి ఇదంతా విన్నది. మూడు నెలలుగా ఇదే వరస. ప్రతి బుధవారం ఊళ్లో పెద్దలందరికీ జబ్బులొస్తాయి, గొడ్లు ఈనుతాయి, దూరపు చుట్టాలు మంచం పడతారు. గురువారం సాయంత్రానికి అందరూ క్షేమం. వీళ్లలో ఒక్కడంటే ఒక్కడు తిన్నగా మాట చెప్పడు. అక్కడ చెక్కబల్ల మీద ఒక మనిషి కప్పు చూస్తూ పడుకుని ఉంది.

ఆమె చాయ్ కప్పులు పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఒక్కొక్కరికీ అందిస్తూ, చక్కెర సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అన్నది:

"అన్నయ్యా, ఈయన మీకు చెప్పుడు మర్చిపోయిన్రు. రేపటి విమానం ఎల్లుండికి మారిందట. శుక్రవారం."

జనార్దన్‌రావు నోరు తెరిచాడు. సరళాదేవి అందులోకి సరిపోయేటట్టు ఒక బిస్కట్ అందించింది.

"శుక్రవారమా?" భూపాల్‌రావు అడకత్తెర పక్కన పెట్టాడు. "గట్ల ముందే చెప్పొద్దా చెల్లె. శుక్రవారమైతే పోత. ఇంటామెను గూడ తీస్కపోత, చార్మినార్ చూస్తనంటుంది ఎప్పట్నుంచో."

"బీపీ?" అన్నది సరళాదేవి.

"గోలి ఏసుకున్న గద, దిగుతది."

లక్ష్మణ్‌రావు కూడా ముందుకు జరిగి కూర్చున్నాడు. "నేను గూడ ఉన్న. ఇద్దరు క్లయింట్లు గూడ వస్తరు. హైకోర్టు పని."

"శుక్రవారం నాడు కేసు లేదా?"

"వాయిదా అడుగుతె ఇస్తడు. జడ్జి మంచోడే."

సరళాదేవి ఖాళీ పళ్లెం బల్ల మీద పెట్టింది. "శుక్రవారం కాదు. రేపే. నేను ఊరికే అన్న."

భూపాల్‌రావు చెయ్యి మళ్లీ అడకత్తెర మీదికి పోయింది.

వార శూల అనేది మనవాళ్లు చదువుకున్నంత మాత్రాన మరిచిపోయేది కాదు. సోమ, శనివారాలు తూర్పుకు పోవద్దు, మంగళ, బుధ ఉత్తరానికి వద్దు, శుక్ర, ఆదివారాలు పడమరకు వద్దు. గురువారం దక్షిణానికి వద్దు. ఆదిలాబాదు నుంచి హైదరాబాదు, పటాన్ని ఎటు తిప్పి చూసినా, దక్షిణమే.

కంపెనీ వాళ్లు మొదటిసారి వచ్చి ఈ హాల్లోనే కూర్చున్న రోజు సరళాదేవికి బాగా గుర్తుంది. గురువారం, శుక్రవారం రెండూ ఖాళీగా ఉన్నాయి, ఏదైనా తీసుకోండి అన్నారు. శుక్రవారం అందామని అందరి నాలుక చివరా ఉంది. ఎందుకు గురువారం వద్దు అని అడిగితే ఏం చెప్పాలి? సూటూ బూటూ వేసుకున్న మనుషుల ముందు, విమానం దింపడానికి వచ్చినవాళ్ల ముందు, శూల అని చెప్పడమా? జనార్దన్‌రావు కాలు మీద కాలు వేసుకుని, "గురువారమే పెట్టుండ్రి. మాకు గసుంటి పట్టింపులు లేవు," అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. మిగతా పదకొండు తలలూ ఊగాయి. ఆ సాయంత్రం సరళాదేవి మెల్లగా, "గురువారం దక్షిణానికి మనోళ్లు ఎక్కుతరా?" అన్నది. "బీయే చదివి గిట్ల మాట్లాడుతవా," అని ఆయన నవ్వాడు. సరళాదేవికి శూల మీద నమ్మకం లేదు. వీళ్లకు ఉందని మాత్రం గట్టి నమ్మకం.

"నాకేం పట్టింపు లేదు చెల్లె," అన్నాడు భూపాల్‌రావు చివరికి. "మా అవ్వకే."

"మీ అమ్మ పోయి ఏండ్లాయె గదన్నా."

"పోయింది. చెప్పిపోయింది గద."

"నాకు గూడ లేదు," అన్నాడు లక్ష్మణ్‌రావు. "భూపాల్‌రావు ఎక్కలేదని నేను ఆగిన."

"నువ్వు ఎక్కలేదని గద నేను ఆగింది."

"అట్లయితె గా దినం తలలెందుకు ఊపిన్రయ్యా?" జనార్దన్‌రావు గొంతు పెంచాడు.

"నువ్వు పట్టింపు లేదన్నవు. నీకే లేనప్పుడు మాకున్నదని ఎట్ల జెప్పాలె? పల్లెటూరోళ్లం అనుకోవా?"

"అంటే ఇదా సంగతి," అన్నది ఇంకో గొంతు.

వెనక గది గుమ్మంలో రామచంద్రం నిలబడి ఉన్నాడు. నిద్ర మొహం, చెంప మీద నవారు అచ్చులు. ఎప్పటినుంచి వింటున్నాడో గానీ అంతా విన్నట్టే ఉన్నాడు. ఆయన వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మూడు నెలల నుంచి పైవాళ్లకు నేనేం చెబుతున్నానో తెలుసా సార్? ఈ ఊళ్లో విమానం ఎక్కే జనం లేరని. నా నోటితో నేనే మీ సర్వీసు తీయించేస్తున్నాను. రోజు బాగాలేదని ఒక్క మాట, ఒక్కరు చెప్పి ఉంటే?"

సరళాదేవి అడిగింది:

"ఇప్పుడు శుక్రవారానికి మార్చరాదా?"

"శుక్రవారం వేరే ఊరికి ఇచ్చారమ్మా. అటూ ఇటూ మార్చొచ్చు. కానీ డైరెక్టరు నమ్మాలి. ఈ ఊళ్లో జనం ఉన్నారు, రోజే తప్పు అని ఛైర్మన్ గారు ఆయనకు తన నోటితో చెప్పాలి. ఉత్త మాట చాలదు. రేపు విమానం నిండాలి. మొదటి సీట్లో ఛైర్మన్ గారే కూర్చోవాలి."

"రేపా?" అన్నాడు జనార్దన్‌రావు.

"రేపే సార్. గురువారం."

జనార్దన్‌రావు లేచి నిలబడ్డాడు. ఇరుకున పడ్డప్పుడు ఆయన లేచి ఉపన్యాసం ఇస్తాడు, అది ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. "రోజు ఒక్కటే ముచ్చటనా? రన్‌వే మీద ఎడ్లు తిరుగుతయి, కంచె వేసిన్రా? టికెట్టు ధర చూసిన్రా? పొద్దుగాల గంత జల్ది పెడితె జనం ఎట్ల తయారైతరు? మీ విమానంల ఒక చాయ్ గూడ ఇయ్యరు."

"చాయ్ ఇయ్యరని మీకెట్ల తెలుసు?" అన్నది సరళాదేవి. ఎక్కినవాళ్లకే తెలిసే సంగతి అది.

అంతలో గేటు దగ్గర రిక్షా గంట మోగింది. రిక్షా రాములు గోడ మీదుగా తల పెట్టి కేకేశాడు.

"దొరా, జల్ది రాండ్రి. హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది. డ్రైవర్ ఎనక సీటు మీకే ఉంచమన్న, రుమాలు ఏసి వచ్చిన. ఎప్పటి లెక్కనే."

రాములుది ఊరంతా వినబడే గొంతు. 'ఎప్పటి లెక్కనే' అన్న మాట హాల్లోకి వచ్చి అందరి మధ్యా తీరిగ్గా కూర్చుంది. భూపాల్‌రావు మీసం చాటున నవ్వు దాచుకోవడానికి పోకచెక్క నోట్లో వేసుకున్నాడు. బుధవారం దక్షిణానికి శూల లేదు.

సరళాదేవికి నవ్వు రాలేదు. ఆ బస్సులో డ్రైవర్ వెనక సీటే ఆ రోజు వదినెకు కూడా పట్టించారు. గతుకు గతుకుకూ ఆమె పక్కన కూర్చున్న సరళాదేవి మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ చేతి మీద ఉన్నట్టే ఉంది.

లోపలి నుంచి చప్పుడైంది. చెక్కబల్ల కిర్రుమంది.

"శంకరవ్వా," లీలాబాయి గొంతు, "నా బెల్టు ఇయ్యి. గా పెట్టెల రెండు చీరెలు పెట్టు."

"ఏడికి బాయీ?"

"హైదరాబాద్."

సరళాదేవి పరుగెత్తేలోపే ఆమె గుమ్మంలోకి వచ్చింది. నడుముకు పటకా బిగించుకుని, ఒక చెయ్యి గోడ మీద, ఇంకో చెయ్యి శంకరవ్వ భుజం మీద. నుదుటిమీద చెమట. పళ్లు బిగబట్టి మరీ నవ్వుతోంది.

"కాయ్ రే తమ్మీ, బస్సు వచ్చిందట గద. నడువు. నీ పక్కకు నేను గూసుంట."

"నువ్వెందుకక్కా ఇప్పుడు..."

"విమానం పోతదంటుండు గా సారు. మల్ల డాక్టర్ కాడికి ఎట్ల పోవాలె నేను? నీ లెక్కనే బస్సుల పోత. మంచి వారం, శూల గూడ లేదు. నా నడుములనే ఉన్నదొక శూల, అది తీసేటోడు హైదరాబాదులున్నడు."

"వదినె, కూసోండ్రి," అంటూ సరళాదేవి చెయ్యి పట్టుకుంది. లీలాబాయి విదిలించుకుంది. గోడ వదిలింది. ఒక అడుగు వేసింది, ఆగింది, ఇంకొకటి వేసింది. వాకిట్లో నీలం సూట్‌కేసు దాకా పోయి దాని పిడి మీద చెయ్యి వేసి, వంగలేక అట్లాగే నిలబడిపోయింది.

ముందు జనార్దన్‌రావే పోయాడు. అక్క చెయ్యి పిడి మీద నుంచి తీయబోయాడు. ఆమె తీయనివ్వలేదు.

"వద్దక్కా. గా రోడ్డు నీతోని కాదు. ఘాటు దిగేదాంక గతుకులే. పాణం పోతది."

"మరి నీకు గతుకులు లేవారా? ఇన్నిసార్లు పోయినవు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను గురువారమే ఎక్కిన, రెండుసార్లు," అన్నది లీలాబాయి. ఇప్పుడు గొంతులో మిరపకాయ లేదు. "నాకేమాయె? లేసి నిలవడ్డ. నీకు పట్టింపుంటె ఉండనియ్యి, నేను కాదంటున్ననా. ఉన్నదని చెప్పనీకి ఏమొచ్చెరా నీకు? చెప్పక, ఎక్కక, నా విమానం పోగొడుతున్నవు." ఊపిరి తీసుకుంది. "రేపు నా పక్క సీట్ల ఎవరు గూసుంటరు? గది చెప్పు. చెప్తె పిడి ఇడుస్త."

బయట రిక్షా గంట మళ్లీ మోగింది. "దొరా, బస్సు పోతది," అన్నాడు రాములు.

జనార్దన్‌రావు గేటు వైపు చూశాడు. వెనక్కి తిరిగి హాల్లోకి చూశాడు. అక్కడ భూపాల్‌రావు, వకీలు, కంపెనీ ఆఫీసరు, గుమ్మంలో తన భార్య. సరళాదేవి కళ్లు తిప్పుకోలేదు. ఈసారి బిస్కట్ అందించేది లేదు.

ఆయన అక్క వేళ్ల మీద తన చెయ్యి పెట్టాడు. సూట్‌కేసు ఇద్దరి చేతుల కిందా ఉంది, లోపలికో బయటికో ఇంకా తేలలేదు.

"తప్పు నాదేనక్కా," అన్నాడు, హాల్లో అందరికీ వినబడేటట్టు. "పట్నపోళ్ల ముందట పెద్దతనానికి పోయి గురువారం పెట్టిన. పెట్టినంక ఎక్కనీకి నాకే ధైర్యం రాలే. సరళ చెప్పింది, నవ్విన. తప్పు నాదే. ఇగ రేపటి సంగతంటవా..."

(తరువాయి వచ్చే వారం)